చూసుకొని నడవద్దా అనే ముందు

పోయిన కార్తీకమాసం చివరి ఆదివారం మా అత్తమ్మ జారి పడింది. ఎక్కడో కాదు, స్విమ్మింగ్ పూల్ గట్టు మీద. "మీ ఇంట్లో స్విమ్మింగ్ పూలా!" అని అప్పుడే కళ్లు పెద్దవి చేసుకోకండి. మాది తిరుపతిలో రెండు గదుల మిద్దె. నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూసే వీధి మాది. ఆ పూల్ మా మరిది వాళ్లది. చంద్రగిరి దాటినాక మామిడితోపులో రెండేళ్ల కింద ఇల్లు కట్టుకున్నారు. ఇంటి వెనక ముప్పై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు పూల్, దాని చుట్టూ నాలుగు అడుగుల గట్టు. గట్టంతా నల్ల గ్రానైటు పరిచి అద్దం మాదిరి పాలిష్ పెట్టించినారు. గృహప్రవేశం రోజు వచ్చినోళ్లంతా ఆ బండల్లో మొహాలు చూసుకున్నారు. అబద్ధమెందుకు, నేనూ చూసుకున్నాను, బొట్టు సరిగ్గా ఉందా లేదా అని.

మా అత్తమ్మ దాన్ని పూల్ అనదు. "నీళ్ల తొట్టి" అంటుంది. ఆ ఆదివారం పిల్లోళ్లు తొట్టిలో ఉన్నారు. ముందురోజు రాత్రంతా వాన. మన పక్క వాన అంటే అదే కదా, ఊరంతా ఆషాఢంలో తడిస్తే మనం ఆశ్వయుజం, కార్తీకాల్లో తడుస్తాం. చిన్న మనవడు చలికి వణుకుతా ఉంటే ఆమె తువ్వాల తీసుకొని పోయింది. మూడో అడుగో నాలుగో అడుగో, కాలు ముందుకు పోయింది, మనిషి వెనక్కి పడింది. పడేటప్పుడు కుడిచెయ్యి కింద ఆనించింది. మణికట్టు విరిగింది.

ఆమెను లేపి కుర్చీలో కూర్చోబెట్టినాక మేము నలుగురం అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. మా మరిది: "చూసుకొని నడవద్దా అమ్మా?" మా ఆయన: "ఈ వయసులో నీకెందుకు ఆ పక్కకు పోవడం?" మా తోడికోడలు: "పిలిచి ఉంటే తువ్వాల నేనే ఇచ్చేదాన్ని కదత్తా." నేను: "చెప్పులు ఏసుకోకుండా పోతివే." నలుగురిలో ఒక్కరమూ ఆ బండ సంగతి ఎత్తలేదు. చివరికి ఆమె కూడా ఎత్తలేదు. "నాదే తప్పురా, కళ్లు సరిగ్గా కనబడలే" అనింది. ఆమెకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయి ఏడాది దాటింది. సూదిలోకి దారం ఎక్కిస్తుంది. కళ్లకేమైంది? అయినా తప్పు తన ఒంట్లోనే వెతుక్కునింది.

ఆరు వారాలు సిమెంటు కట్టు. కుడిచెయ్యి. జడ వేసింది నేను, అన్నం కలిపి పెట్టింది నేను. చీర కట్టించేటప్పుడు ఆమె మొహం పక్కకు తిప్పుకునేది. అరవై ఏళ్లుగా తన పని తాను చేసుకున్న మనిషి. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ ఆరు వారాల్లో ధనుర్మాసం వచ్చి పోయింది. పెళ్లయినప్పటి నుంచి ఒక్క ధనుర్మాసం కూడా ముగ్గు తప్పని చెయ్యి అది. తెల్లవారుజామున నేను వాకిట్లో చుక్కలు పెడుతుంటే గడపలో కూర్చొని "ఇంకో చుక్క, ఎడమ పక్క" అని చెప్తా ఉండేది. నాకు పదిహేను చుక్కల ముగ్గు దాటి రాదు. ఆమెకు తెలుసు. ఏమీ అనేది కాదు.

ఇంతవరకూ ఇది ఒక ముసలావిడ పడిన కథ. ఎవరింట్లో లేదు? నేనూ అట్లాగే అనుకొని మరిచిపోయేదాన్ని, సంక్రాంతికి మళ్లీ ఆ ఇంటికి పోకుండా ఉంటే.

కనుమ రోజు వెనక వాకిట్లో కూర్చొని ఉన్నా. అక్కడ పనికొచ్చే అమ్మాయి బకెట్ పట్టుకొని గట్టు మీద పోతా ఉంది. మామూలుగా నడవడం లేదు, పక్కకు తిరిగి, గోడ వైపు ఒక చెయ్యి చాపి, పీత మాదిరి నడుస్తా ఉంది. నవ్వుతా అడిగినాను, ఏమే అట్లా నడుస్తావు అని. "జారతాది కదక్కా" అనింది. కాసేపటికి దగ్గరికొచ్చి కూర్చొని మెల్లిగా చెప్పింది. "నేనూ పడినాను అక్కా. మూడుసార్లు. అవ్వ పడక ముందే."

"మరి చెప్పలేదేమే?"

"చెప్తే ఏమంటారక్కా? చూసుకోని నడవలేవా అంటారు."

నాకు నోట మాట రాలేదు. మేము నలుగురం మా అత్తమ్మను అన్న మాటే అది, అక్షరం పొల్లుపోకుండా. ఆ మాట వస్తుందని ముందే తెలిసి ఆ పిల్ల నోరు మూసుకునింది. మూడుసార్లు పడిన మనిషి ఒక్కసారి చెప్పగలిగి ఉంటే మా అత్తమ్మ చెయ్యి విరిగేది కాదు. చెప్పకపోవడం ఆ పిల్ల తప్పు అని నేను అనలేను.

నా అభిప్రాయం ఇదీ: మన ఇళ్లల్లో ఎవరైనా జారితే నేరం ఎప్పుడూ కాలిదే, నేలది కాదు. నేలను ఎంచుకున్నవాళ్లు వేరే. షోరూములో, ఏసీలో, చెప్పులు వేసుకొని, పొడిగా ఉన్న పలకను చూసి ఎంచుకుంటారు. దాని మీద నీళ్లు పోసి నడిచేవాళ్లు వేరే. ఆడవాళ్లు, పనిమనుషులు, ముసలివాళ్లు, పిల్లలు. తడిచీర కుచ్చిళ్లు ఒక చేత్తో, బకెట్ ఇంకో చేత్తో పట్టుకున్న మనిషిని ఏ ఇంటి ప్లాన్ గీసేటప్పుడు తలచుకుంటారో చెప్పండి.

ఇది చిన్న సంగతేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం దీనిదే. ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. పూల్ పక్కన అయితే ఇంకొక భయం కూడా ఉంది. తల అంచుకు తగిలి, స్పృహ తప్పి, నీళ్లలో పడితే అరిచేదానికి కూడా ఉండదు. మా అత్తమ్మ వెనక్కి పడింది కాబట్టి గట్టు మీద పడింది. పక్కకు పడి ఉంటే అనే ఆలోచన నాకు రాత్రుళ్లు ఇప్పటికీ వస్తుంది.

సరే, బండ సంగతికి వద్దాం. రాయి గురించి చెప్పేదానికి ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లకు హక్కు ఉంది. కుప్పం పక్క పచ్చ గ్రానైటు దేశాలు దాటి పోతుంది. రాయి మనకు పరాయిది కాదు. జారేది రాయి కాదు, దాని మీద పెట్టిన పాలిష్. పాలిష్ బండ మీద నీళ్లు పడితే పలచగా పొరలా నిలుస్తాయి. మన అరికాలుకూ రాయికీ నడుమ ఆ పొర ఉన్నంతసేపు కాలు రాయిని తాకినట్టే కాదు. గరుకు రాయి అయితే నీళ్లు గుంటల్లోకి దిగుతాయి, కాలు మిట్టల మీద నిలుస్తుంది. అంతే. దీనికి డిగ్రీ అక్కర్లేదు, నాలాంటి తెలుగు బి.ఏ. చాలు. ఆ నీళ్లకు కొంచెం నూనె కలిపారా, ఇక చెప్పేదే లేదు. ఆదివారం పిల్లోళ్లకు తలకు నూనె అంటి, నలుగు పెట్టి తొట్టిలోకి తోలేది మేమే కదా. ఆ నూనె అంతా గట్టు మీదికే వస్తుంది.

నూనె కాకపోతే పాచి. పూల్‌లో క్లోరిన్ వేస్తాం కదా, గట్టుకు పాచి ఎట్లా పడుతుంది అని మా మరిది వాదన. గట్టు మీద పడిన నీళ్లల్లో క్లోరిన్ ఎండకు ఎంతసేపు నిలుస్తుంది? మామిడి నీడ, రాలిన ఆకు, ఆరని తడి, ఈ మూడూ ఉంటే పాచికి పిలుపే అక్కర్లేదు. మేము పాచి అంటాం, కొన్ని పక్కల పాకుడు అంటారు. రావూరి భరద్వాజ గారు సినిమా లోకం మీద రాసిన నవలకు పాకుడురాళ్లు అని పేరు పెట్టారు. ఆయనకు 2012 సంవత్సరపు జ్ఞానపీఠం వచ్చింది. కాలేజీలో ఆ పేరు అర్థం గురించి పేజీలు పేజీలు రాసినాను. అసలు పాకుడురాయి మా మరిది ఇంట్లోనే ఉందని తెలిసేదానికి ఇన్నేళ్లు పట్టింది.

మన పెద్దవాళ్లు నీళ్ల పక్కన రాయి ఎట్లా పరిచినారో చూడండి. కపిలతీర్థం మెట్లు, తిరుచానూరు పద్మసరోవరం మెట్లు, చెరువు తూము దగ్గర బండలు. ఉలి గంట్లు వేసిన రాళ్లు. ఎక్కడా అద్దం కనిపించదు. చెక్కను నున్నగా తోమినట్టు రాతి స్తంభాలను చెక్కినవాళ్లకు నునుపు చేయడం రాకనా? గోపురం లోపల బొమ్మకు ఎంత నునుపు పెట్టాలో, కోనేటి మెట్టుకు ఎంత గరుకు పెట్టాలో తెలిసినవాళ్లు వాళ్లు. అట్లాగని పాతదంతా బంగారం అనడం లేదు. వందల ఏళ్లు కాళ్లు పడి పడి అరిగిన మెట్లు కూడా జారుతాయి, కార్తీకంలో కపిలతీర్థంలో అవ్వలు కూర్చొని ఒక్కో మెట్టూ దిగేది నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. అందుకే రాయి పరచగానే పని అయిపోదు. తిరుమలలో స్వామి పుష్కరిణిని ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు కొన్నాళ్లు మూసి, నీళ్లు తోడేసి, శుభ్రం చేసి మళ్లీ నింపుతారు. అంత పెద్ద కోనేరుకే ఏటా సేవ ఉంటే మన ఇంటి తొట్టి గట్టుకు వారానికి ఒకరోజు చీపురు పట్టలేమా?

మా అవ్వ వాళ్ల ఊర్లో జాలాడి ఉండేది. ఇప్పటి పిల్లోళ్లకు ఆ మాటే తెలియదు. స్నానానికీ, గిన్నెలు తోమేదానికీ, కాళ్లు కడిగేదానికీ ఒకటే చోటు, ఒక పెద్ద బండ. ఆ బండ వాలుగా ఉండేది, నీళ్లు పోస్తే నిలవకుండా అరటిచెట్టు మొదట్లోకి పోయేవి. గరుకు తగ్గిందనుకుంటే గంట్లు కొట్టేవాణ్ని పిలిచేవాళ్లు. రోలుకూ తిరగలికీ గంట్లు కొట్టేవాళ్లు అప్పట్లో వీధుల్లో కేకేసుకుంటా తిరిగేవాళ్లు. అదే చేత్తో జాలాడి బండకూ నాలుగు దెబ్బలు. ఆ అరుపు విని ఎన్నేళ్లయిందో.

ఈ జాలాడి బండే నాకు దారి చూపించింది. శివరాత్రి ముందర మా మరిదితో కూర్చొని మాట్లాడినాను.

"వదినా, అది ఇటాలియన్ మార్బుల్ రేటు పెట్టి తెచ్చిన గ్రానైటు. దాన్ని పీకమంటావా?"

"పీకమనడం లేదు నాయనా. గంట్లు కొట్టించమంటున్నా."

"గంట్లు కొట్టిస్తే షైనింగ్ పోతుంది కదా?"

"పోవాల్సింది అదే కదా."

ఆయనకు కోపం వచ్చింది. ఏ రిసార్టుకు పోయినా ఇట్లాంటి నేలే ఉంటుంది అన్నాడు. గరుకు పెడితే పిల్లోళ్ల మోకాళ్లు గీరుకుంటాయి అన్నాడు. ఇది మాత్రం నిజమే, అతిగా గరుకు పెడితే తోలు లేస్తుంది, ఆ మాట ఒప్పుకున్నాను. కడగడం కష్టం అన్నాడు. కడిగేది ఎవరు అని అడిగినాను. జవాబు లేదు. అప్పుడు పనిపిల్ల మూడుసార్లు పడిన సంగతి చెప్పినాను. ముందు నమ్మలేదు. మా తోడికోడలు లోపల్నుంచి వచ్చి, "నేనూ రెండుసార్లు పడినాను, మీతో చెప్పలేదు" అనింది. ఆ మాట విన్నాక మా మరిది మొహం చూడాల్సింది. పాపం, చెడ్డవాడు కాదు. తన ఇంట్లో ఇన్నిసార్లు మనుషులు పడినారని తనకు ఒక్కరూ చెప్పలేదే అని నిజంగా బాధపడినాడు. ఎందుకు చెప్పలేదు అని అడగలేదు. అడిగి ఉంటే బాగుండు.

ముందు కొన్ని తప్పుదోవలు తొక్కినాం. అవీ చెప్తే మీకు డబ్బు మిగులుతుంది. మొదట ప్లాస్టిక్ గడ్డి చాపలు తెచ్చి పరిచినాం. అడుగున నీళ్లు నిలిచి, పది రోజులకు చాప కింద పాచి, చాపే జారడం మొదలుపెట్టింది. రంధ్రాలున్న రబ్బరు చాప అయితే నీళ్లు దిగిపోతాయి, కానీ దాన్ని రోజూ ఎత్తి ఆరవేయాలి. తర్వాత గరుకు టేపు అతికించినాం. మన ఎండకు అంచులు లేచి, లేచిన అంచు కాలికి తట్టుకునేది. జారకుండా ఉండేదానికి పెట్టింది తట్టుకొని పడేదానికి పనికొచ్చింది. ఆ తర్వాత ఒకాయన వచ్చి, ఏదో ద్రావకం పూస్తే బండ జారదు అన్నాడు. అట్లాంటి వాటిల్లో చాలావరకు ఘాటైన ఆమ్లాలే. కంటికి కనిపించని గుంటలు పడేటట్టు రాయిని తింటాయి. తెలిసినవాళ్లు చేతికి తొడుగులు వేసుకొని చేయాల్సిన పని. ఇంట్లోవాళ్లు సీసా కొనుక్కొచ్చి పూసేది కాదు. వద్దన్నాను.

టైల్సు మార్చేద్దామని షోరూముకు కూడా పోయినాం. అక్కడ నేర్చుకున్నది మాత్రం పనికొచ్చేది. ప్రతి పలకనూ "యాంటీ స్కిడ్ మేడమ్" అంటాడు. ఎంత అని అడిగితే గర్వంగా ఆర్9 అన్నాడు. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ఆ లెక్క ఆర్9 నుంచి ఆర్13 దాకా పోతుంది, అన్నిటికంటే కిందిది ఆర్9. ఇది జర్మనీ వాళ్ల కొలత. పలకలు పరిచిన పలక మీద నూనె పోసి, బూట్లు వేసుకున్న మనిషిని నడిపిస్తా, ఆ పలకను మెల్లిగా వాలుస్తా పోతారు. ఎంత వాలుకు జారుతాడో దాన్ని బట్టి నంబరు. ఆర్9 అంటే ఆరు నుంచి పది డిగ్రీల వాలుకే సరి. ఇంకొక సంగతి, ఆ నంబరు బూట్ల కాలికి. ఉత్తకాళ్లకు వేరే పరీక్ష ఉంది, సబ్బునీళ్లు పోసి చేస్తారు. దానికి ఎ, బి, సి అని అక్షరాలు. ఎ అంటే 12 డిగ్రీలు, బి 18, సి 24. పూల్ గట్టుకు కనీసం బి ఉండాలి, నీళ్లలోకి దిగే మెట్లకు సి అయితే మంచిది. మీరు ఎవరైనా బాత్రూముకు టైల్సు కొనబోతే ఆ అట్టపెట్టె మీద ఏముందో చూడండి. "యాంటీ స్కిడ్" అనే మాటకు ఏ కొలతా లేదు.

టైల్సు వద్దనుకొని చివరికి మేస్త్రీని పిలిచినాం. గుడుల్లో రాతిపని చేసి వచ్చిన పెద్దాయన. గట్టు మీద ఒక బకెట్ నీళ్లు పోసి, చూస్తా నిలబడినాడు. నీళ్లు ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో. రెండు చోట్ల మడుగు కట్టింది. ఒక చోటు మా అత్తమ్మ పడిన చోటే.

"అమ్మా, గరుకు తర్వాత. ముందు వాలు సరిచేయాల" అన్నాడు. అడుగుకు పావు అంగుళం వాలు, అంటే నాలుగు అడుగుల గట్టుకు ఒక అంగుళం. పూల్ లోపలికి కాదు, బయటికి. మట్టీ ఆకూ తొట్టిలోకి పోకుండా బయటి అంచున కాలువలోకి పోవాలి. నిలిచిన రెండు చోట్ల ఆరు బండలు ఎత్తి మళ్లీ పరిచినాడు. మిగతావాటికి మిషనుతో గంట్లు కొట్టించినాడు. ఉలీ సుత్తీ పనే, కాకపోతే చక్రానికి పళ్లు ఉంటాయి. మంట పెట్టి గరుకు చేసే పద్ధతి కూడా ఉంది, ఫ్లేమ్ ఫినిష్ అంటారు. అది బండ పరచక ముందు చేయించుకోవాల్సింది. పరిచినాక మంట పెడితే పలచటి బండ చిట్లుతుంది, అతుకుల్లో సిమెంటు పాడవుతుంది. కొత్తగా కట్టుకునేవాళ్లు గ్రానైటే కావాలనుకుంటే ముందే అది అడగండి. మొత్తం పని నాలుగు రోజులు. ఖర్చు మా మరిది ఆ నెలలో కొన్న సోఫా కంటే తక్కువ.

మేస్త్రీ ఒక్కటే సణిగినాడు. "నలుపు ఎందుకు పెట్టినారు సామీ, మే నెలలో కాలు పెట్టగలరా?" అని. నిజమే. మన తిరుపతి ఎండలకు నల్ల బండ పెనం అవుతుంది. తిరుమలలో మాడవీధుల్లో చెప్పులు లేని భక్తుల కాళ్లు కాలకుండా తెల్ల రంగు వేస్తారు, చూసే ఉంటారు. కాళ్లు కాలి పిల్లోళ్లు పరిగెత్తుతారు, పరిగెత్తితే జారుతారు. రంగు కూడా జారుడు లెక్కలోకి వస్తుందని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇప్పుడు మార్చలేం కాబట్టి పడమటి పక్కన పందిరి వేసినారు.

ఇంకొక పని కూడా ఆ వూపులోనే చేయించినాను. గట్టు చుట్టూ నాలుగు అడుగుల కంచె, తనంతట తానే మూసుకునే గేటు, గడియ పై పక్కన. రెండేళ్ల మనవరాలు ఉన్న ఇల్లు అది. దీనికి మాత్రం ఎవరూ అడ్డం చెప్పలేదు. అందుకే ఇక్కడ ఎక్కువ రాయడం లేదు.

శుభ్రం సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఆడవాళ్ల ప్రాణం మీదికి వచ్చే సంగతి. పాచికి బ్లీచింగ్ పౌడర్ నీళ్లు చల్లి, కాసేపు ఉంచి, గట్టి బ్రష్షుతో రుద్ది కడిగితే చాలు. దాంతోపాటు బాత్రూము యాసిడ్ మాత్రం ఎప్పుడూ పోయకండి. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది, ఊపిరి ఆడదు. "డబుల్ క్లీనింగ్" అని రెండూ కలిపి పోసేవాళ్లను నేను కళ్లారా చూసినాను. యాసిడ్ ఒక్కటే పోసినా అతుకుల్లో సిమెంటును తింటుంది, ఆ సందుల్లో మళ్లీ పాచి. పనిపిల్ల చేతికి సీసా ఇచ్చి "కడుగు" అనే ముందు ఆ సీసాలో ఏముందో మనకు తెలిసి ఉండాలి.

"మాకు పూల్ ఎక్కడిది అక్కా" అంటారని తెలుసు. నాకూ లేదు కదా. ఈ పని అయినాక మా ఇంటికొచ్చి, మేస్త్రీ చేసినట్టే బకెట్ నీళ్లు పోసి నిలబడి చూసినాను. బాత్రూములో నీళ్లు గుంటకు దూరంగా, తలుపు దగ్గర నిలిచినాయి. అంటే ఇరవై ఏళ్లుగా మేము స్నానం చేసి మొదటి అడుగు పెట్టేది మడుగులోనే. వాషింగ్ మెషీన్ పెట్టిన వెనక వరండాలో సర్ఫు నీళ్లు పలక మీద ఆరి, తడి తగలగానే జారే పొర. మిద్దె మీద ట్యాంకు పొంగిన చోట పచ్చగా పాచి, అక్కడే వడియాలు ఎండబెట్టేది. మీరూ ఒక బకెట్ పోసి చూడండి, ఖర్చేమీ లేదు. ఆ తర్వాత ఇంట్లో అందరినీ, పనికొచ్చే మనిషిని కూడా, ఒక ప్రశ్న అడగండి. "మన ఇంట్లో ఎక్కడ జారుతుంది?" అని. "నువ్వెందుకు జారినావు" అని కాదు. నేను అడిగితే మా అబ్బాయి వెంటనే మూడు చోట్లు చెప్పినాడు. ఇన్నాళ్లూ వాడికి తెలుసు. అడిగినవాళ్లు లేరు.

మా అత్తమ్మ చెయ్యి అతుక్కునింది కానీ పూర్తిగా తిరగదు. పిండి పిసికేది తగ్గించింది. ఉగాదికి అందరం మళ్లీ తోపింటికి పోయినాం. గట్టు దగ్గరికి రమ్మంటే రానంది. పొద్దు గూకినాక ఎవరూ చూడటం లేదనుకొని తానే ఒకతే పోయి, చెప్పులు కంచె బయట విడిచి, ఒక కాలు పెట్టి చూసింది. అరికాలితో రెండుసార్లు రుద్ది చూసింది, జాలాడి బండను చూసినట్టు. అప్పుడు రెండో కాలు పెట్టింది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తా ఉన్నా, పిలవలేదు.

పనిపిల్ల ఇప్పుడు బకెట్ రెండు చేతుల్లో పట్టుకొని నేరుగా నడుస్తుంది. మొన్న ఫోనులో మా తోడికోడలు చెప్పింది, కింద బాత్రూములో కూడా ఒక బండ జారుతుందని ఆ పిల్లే వచ్చి చెప్పిందంట.